కనజావా, తకయామా, షిరకవా-గో: వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్ నడిబొడ్డున ఉన్న ఈ కొండ ప్రాంతానికి నేను రెండుసార్లు వెళ్లాను. ఒకసారి అక్టోబరు చివర్లో అమ్మను తీసుకుని, మరోసారి ఫిబ్రవరి మంచులో. అప్పటి నుంచి బంధువులు, స్నేహితులు, వారి స్నేహితులు ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు. ఫోనులో చెప్పిన సమాధానాలనే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇంతకీ ఏ ప్రాంతం ఇది?

టోక్యోకు, క్యోటోకు మధ్య మ్యాపు మీద పైకి చూడండి. జపాన్ సముద్రం ఒడ్డున ఇషికావా, తొయామా, ఫుకుయి జిల్లాలు ఉంటాయి. ఈ మూడింటినీ కలిపి హొకురికు అంటారు. వాటికి దక్షిణాన, గిఫు జిల్లా ఉత్తర భాగంలోని కొండసీమ పేరు హిదా. కనజావా ఇషికావాలో, తకయామా హిదాలో ఉన్నాయి. షిరకవా-గో, గోకయామా పల్లెలు ఆ రెండు పట్టణాల మధ్య లోయలో ఉన్నాయి. తూర్పున 3,000 మీటర్ల ఎత్తుకు లేచిన ఉత్తర ఆల్ప్స్ పర్వతాలు గోడలా నిలబడి ఉంటాయి. చలికాలంలో సముద్రం మీదుగా వచ్చే తేమగాలి ఆ గోడకు తగిలి మంచుగా కురుస్తుంది. ఇక్కడి ఇళ్లు, తిండి, చేతిపనులు అన్నీ ఆ మంచును బట్టి తయారైనవే.

ఎన్ని రోజులు కావాలి?

కనీసం ఐదు రాత్రులు. కనజావాలో రెండు, షిరకవా-గో లేదా గోకయామాలో ఒకటి, తకయామాలో రెండు. కొండల్లోకి కూడా వెళ్లాలనుకుంటే మరో రెండు కలపండి. చాలామంది టోక్యో, క్యోటో, ఒసాకాల మధ్య ఒకటిన్నర రోజు దొరికితే ఇదంతా అందులో ఇరికించాలని చూస్తారు. అలా వెళ్తే బస్సు కిటికీలోంచి చూసినదే మిగులుతుంది. సమయం తక్కువగా ఉంటే ఊళ్లు తగ్గించుకోండి, రాత్రులు మాత్రం తగ్గించకండి.

ఏ నెలలో వెళ్లడం మంచిది?

నన్నడిగితే అక్టోబరు మూడో వారం నుంచి నవంబరు రెండో వారం వరకు. ఆకులు ముందు ఎత్తైన కొండల మీద ఎర్రబారి, ఆ రంగు వారాల తరబడి మెల్లగా కిందికి దిగుతూ పట్టణాల్లోని తోటలకు చేరుతుంది. ఒక చోట ఆలస్యమైతే ఇంకో చోట దొరుకుతుంది. చెర్రీ పూలు కనజావాలో ఏప్రిల్ మొదట్లో, తకయామాలో ఏప్రిల్ మధ్యలో విరగబూస్తాయి. జూన్ నడుమ నుంచి జూలై నడుమ వరకు వానాకాలం.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో షిరకవా-గో మంచులో మునిగి ఉంటుంది. ఆ అందాన్ని మాటల్లో పెట్టలేను. కానీ మంచులో నడవడానికి మనకు అలవాటు లేదు కాబట్టి జారని అడుగున్న బూట్లు తప్పనిసరి. రోడ్లు మూసేస్తే బస్సులు రద్దవుతాయి, అందుకని ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి.

ఏ నెలలో వెళ్లినా గొడుగు ఉండాలి. 'అన్నం డబ్బా మరచిపోయినా గొడుగు మరచిపోకు' అని కనజావాలో ఒక సామెత. పొద్దున్న నిండు ఎండ చూసి గొడుగు గదిలోనే వదిలి వెళ్లిన రోజున, మధ్యాహ్నానికి ఆ సామెత ఎందుకు పుట్టిందో నాకు తెలిసింది.

ఎలా చేరుకోవాలి?

టోక్యో నుంచి కనజావాకు షింకన్‌సెన్ (బుల్లెట్) రైలు ఉంది. 2015 మార్చిలో మొదలైంది, వేగంగా వెళ్లే రైళ్లు దాదాపు రెండున్నర గంటల్లో చేరుస్తాయి. 2024 మార్చిలో ఆ మార్గాన్ని ఫుకుయి జిల్లాలోని త్సురుగా దాకా పొడిగించారు. అందువల్ల క్యోటో, ఒసాకాల నుంచి వచ్చేవారు ఇప్పుడు త్సురుగాలో దిగి షింకన్‌సెన్‌లోకి మారాలి. మారడానికి ఇచ్చే సమయం తక్కువే అయినా రెండు రైళ్లూ ఒకే భవనంలో పై అంతస్తు, కింది అంతస్తుల్లో ఆగుతాయి కాబట్టి కంగారు పడనక్కర్లేదు. తకయామాకు నగోయా నుంచి 'హిదా' అనే ఎక్స్‌ప్రెస్ రైలులో రెండున్నర గంటల లోపే చేరవచ్చు. ఆ రైలు హిదా నది లోయ వెంట వెళ్తుంది. కిటికీ పక్కన కూర్చోండి.

షిరకవా-గోకు రైలు లేదు, బస్సే దిక్కు. తకయామా నుంచి 50 నిమిషాలు, కనజావా నుంచి గంటా పావు పైన పడుతుంది. చాలా బస్సులకు ముందే సీటు రిజర్వు చేసుకోవాలి. మొదటిసారి నేను ఆ సంగతి పట్టించుకోకుండా నేరుగా బస్ స్టాండుకు వెళ్లి, మూడు గంటలు కూర్చోవలసి వచ్చింది.

నేను సిఫారసు చేసే వరుస ఇది: టోక్యో, కనజావా, షిరకవా-గోలో ఒక రాత్రి, తకయామా, అక్కడి నుంచి నగోయా మీదుగా క్యోటో. వెళ్లిన దారిన వెనక్కి రానక్కర్లేదు.

రైలు పాస్ కొనాలా?

దేశమంతా చెల్లే ఏడు రోజుల పాస్ ధర 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి 50,000 యెన్లకు పెరిగింది. ఈ ప్రాంతం ఒక్కటే చూసేవారికి అది గిట్టదు. పైగా షిరకవా-గో బస్సుకు అది చెల్లదు. తకయామా, హొకురికు ప్రాంతాలకు విడిగా ఒక పాస్ ఉంది, అందులో ఆ బస్సు కూడా కలిసి ఉంటుంది. విడి టికెట్ల మొత్తం ఒకసారి కూడి చూసుకుని తర్వాత నిర్ణయించుకోండి.

కనజావాలో ఏమి చూడాలి?

ముందుగా కెన్‌రొకుఎన్ తోట. మైదా వంశపు ప్రభువులు తరతరాలుగా పెంచుకున్న ఈ తోటలోకి 1874లో ప్రజలందరినీ అనుమతించారు. ఆ పేరుకు 'ఆరు గుణాలు కలిసిన తోట' అని అర్థం: విశాలత, ఏకాంతం, మనిషి పనితనం, ప్రాచీనత, నీరు, దూరపు చూపు. విశాలంగా ఉంటే ఏకాంతం ఉండదు, మనిషి చేయి పడితే ప్రాచీనత పోతుంది. ఇలా ఒకదానికొకటి పొసగని గుణాలన్నీ ఒకే చోట కుదిరాయని ఆ పేరు పెట్టారు.

చెరువు గట్టున రెండు కాళ్ల రాతి దీపం ఒకటి ఉంటుంది. కోతో అనే తంత్రీవాద్యం మీద తీగలను ఎత్తి పట్టే గుర్రం ఆకారంలో ఉంటుందని దానికి కొతోజి అని పేరు. మన వీణ గుర్రాన్ని చూసినవారికి ఆ పోలిక ఇట్టే అందుతుంది. నవంబరు 1న తోటమాలులు మంచు బరువుకు కొమ్మలు విరగకుండా పైన్ చెట్లకు తాళ్లు కట్టడం మొదలుపెడతారు. చెట్టు మధ్యలో ఎత్తైన కర్ర నాటి, దాని కొసన ఎక్కిన మనిషి వందల తాళ్లను గొడుగు పుల్లల్లా కిందికి వదులుతాడు. కింద ఉన్నవాళ్లు ఒక్కో కొమ్మకు ఒక్కో తాడు ముడివేస్తారు. మా ప్రయాణం చివరి రోజు సరిగ్గా ఆ తేదీ కావడం మా అదృష్టం. అమ్మ ఒక బల్ల మీద కూర్చుని, లేవనని గంటసేపు చూసింది.

తెల్లవారుజామున, టికెట్ వేళలు మొదలుకాక ముందు, తోటలోకి ఉచితంగా వెళ్లవచ్చు. ఆ వేళకు పర్యాటకుల గుంపులు ఉండవు, నడకకు వచ్చే ఊరివాళ్లే కనిపిస్తారు.

తర్వాత హిగాషి చాయా వీధి. 1820లో ఏర్పడిన ఈ పేటలో చెక్క జాలీల వెనుక గేషాలు పాడి ఆడే ఇళ్లు వరుసగా ఉంటాయి, కొన్నిటిలో ఇప్పటికీ ఆ కళ సాగుతోంది. జపాన్‌లో తయారయ్యే బంగారు రేకులో దాదాపు 99 శాతం ఈ ఊరిదే. మిల్లీమీటరులో పదివేలవ వంతు మందం ఉండే ఆ రేకును వేలితో తాకలేరు. పనివారు వెదురు పటకారుతో ఎత్తి, కాగితం మీద పెట్టి, నడుమ మెత్తగా ఊదుతారు. ఆ ఊపిరికి ముడతలన్నీ విప్పుకుని రేకు పరచుకుంటుంది. బంగారు రేకు అతికించిన ఐస్‌క్రీము కోసం అందరూ వరుసలో నిలబడతారు కానీ, నా మాట విని ఆ సమయంలో రేకు పని చూపించే దుకాణంలోకి వెళ్లండి.

నగమాచి సమురాయ్ పేట మట్టిగోడలు, ఒమిచో చేపల, కూరగాయల అంగడి, 2004లో తెరిచిన గుండ్రటి ఆధునిక కళా మ్యూజియం కూడా నడిచి చూడదగినంత దగ్గరలోనే ఉన్నాయి.

తకయామాకు 'చిన్న క్యోటో' అని పేరు కదా, క్యోటో చూశాక ఇది అవసరమా?

ఆ పేరు తకయామాకు న్యాయం చేయదు. ఇది వడ్రంగుల ఊరు. పూర్వం హిదా ప్రజలు పన్నుకు బదులు తమ వడ్రంగులను రాజధానికి పంపేవారు. అక్కడి కోవెలలు, భవనాలు కట్టిన చేతుల్లో వీరివీ ఉన్నాయి. 1692లో దేశాన్ని ఏలే సైనిక పాలకుడైన షోగున్ ప్రభుత్వం ఈ సీమను నేరుగా తన చేతిలోకి తీసుకోవడానికి ఒక ముఖ్య కారణం ఇక్కడి కలప. అప్పటి అధికారుల కచేరి, తకయామా జిన్యా, నేటికీ నిలిచి ఉంది. అలాంటి కచేరీ భవనం దేశంలో ఇదొక్కటే మిగిలింది. పన్ను ధాన్యం దాచిన గిడ్డంగి కూడా లోపలే ఉంది, తప్పక చూడండి.

సన్‌మాచి వీధుల్లో ఇళ్ల ముందు సన్నని నీటి కాలువలు పారుతుంటాయి. కొన్ని వాకిళ్ల పైన పెద్ద గుండ్రటి బంతి వేలాడుతుంది, అది దేవదారు జాతి చెట్టు రెమ్మలతో కట్టినది. కొత్త సాకే (బియ్యపు మద్యం) తయారైనప్పుడు పచ్చటి బంతిని కడతారు. లోపల మద్యం పక్వానికి వస్తున్నకొద్దీ బయట బంతి గోధుమరంగుకు తిరుగుతుంది.

ఇక్కడి రథోత్సవాలు ఏప్రిల్ 14, 15 తేదీల్లో, మళ్లీ అక్టోబరు 9, 10 తేదీల్లో. వసంతంలో పన్నెండు రథాలు, శరత్తులో పదకొండు. కొన్ని రథాల మీద తాళ్లతో ఆడించే మరబొమ్మలు ఉంటాయి. గదులు నెలల ముందే నిండిపోతాయి. వాన పడితే రథాలను బయటకు తీయరు, ఆ నిరాశకు సిద్ధపడి వెళ్లండి.

రైలులో పావుగంట దూరంలో హిదా-ఫురుకవా ఉంది. తెల్లటి గిడ్డంగి గోడల పక్కన కాలువ, అందులో రంగురంగుల చేపలు. తకయామాలో జనం ఎక్కువైనప్పుడు అక్కడికి వెళ్లిపోండి.

షిరకవా-గోను ఒక పూటలో చూసి రావచ్చా?

రావచ్చు, చాలామంది అదే చేస్తారు. కానీ నేను వద్దంటాను.

పగలు పది నుంచి నాలుగు వరకు షిరకవా-గోలోని ముఖ్యమైన పల్లె ఒగిమాచి బస్సులు దింపిన జనంతో నిండిపోతుంది. సాయంత్రం చివరి బస్సు వెళ్లాక అదే పల్లె మరో ఊరిలా మారిపోతుంది. కాలువల చప్పుడు, ఎక్కడో కుక్క అరుపు, కిటికీల్లో దీపాలు, అంతే. కొన్ని పాత ఇళ్లలోనే మిన్షుకు పేరుతో బస ఇస్తారు. గదులు తక్కువ, కాబట్టి తేదీ తెలియగానే రిజర్వు చేసుకోండి.

ఈ ఇళ్లను గస్షో-జుకురి అంటారు, అంటే 'నమస్కారం పెట్టిన చేతుల్లా కట్టినది' అని. మంచు నిలవకుండా జారిపోవడానికి పైకప్పును అంత నిటారుగా కట్టారు. ఇళ్లన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి, దానివల్ల కప్పు రెండు వైపులా ఎండ తగిలి మంచు కరుగుతుంది. కప్పు కింద మూడు నాలుగు అంతస్తుల అటక ఉంటుంది. అక్కడ పట్టుపురుగులు పెంచేవారు. నేల కింద గుంటల్లో సురేకారం తయారుచేసేవారు.

మేము బస చేసిన ఇంటి పెద్దావిడ మమ్మల్ని అటక మీదికి తీసుకెళ్లి వాసాల ముడులు చూపించింది. కప్పులో ఎక్కడా మేకు లేదు. గడ్డి తాళ్లు, పచ్చిగా ఉన్నప్పుడు మెలిపెట్టి బిగించిన సన్నని కొమ్మలు, అంతే. ఎండేకొద్దీ ఆ కొమ్మలు మరింత బిగుసుకుంటాయట. కింద ఇరోరి అనే నడిమింటి పొయ్యి పొగ తరాల తరబడి తగిలి ముడులన్నీ నిగనిగలాడే నలుపుకు తిరిగాయి. పురుగు పట్టకుండా కాపాడేది ఆ పొగే. ఇంటికి తిరిగొచ్చి పెట్టె తెరిస్తే అమ్మ శాలువా ఇంకా ఆ పొగ వాసన వేసింది.

రెల్లు కప్పును ముప్పై నలభై ఏళ్లకొకసారి మార్చాలి. అందుకు వంద, రెండు వందల మంది చేయి వేయాలి. ఈ రోజు మీ కప్పు, రేపు మా కప్పు అని ఊరంతా కలిసి చేసుకునే ఈ సాయాన్ని యుయి అంటారు. మన పల్లెల్లో నాట్లకు ఒకరి పొలంలో ఒకరు బదులుకు వెళ్లడం లాంటిదే. 1971లో ఊరివాళ్లు 'అమ్మం, అద్దెకివ్వం, కూల్చం' అని మూడు నియమాలు పెట్టుకున్నారు. 1995లో యునెస్కో ఈ పల్లెలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చేర్చే నాటికి కాపాడవలసినది ఇంకా మిగిలి ఉందంటే ఆ మూడు మాటల వల్లే అని నా నమ్మకం.

గోకయామా వేరే చోటా?

అదే లోయలో, తొయామా జిల్లా వైపు ఉంది. ఐనోకురా, సుగనుమా అనే రెండు చిన్న పల్లెలు. ఇవీ అదే వారసత్వ గుర్తింపులో భాగం. దుకాణాలు తక్కువ, జనం తక్కువ, బస్సులూ తక్కువే. నిశ్శబ్దం కోరుకునేవారికి నేను దీన్నే ముందు చెబుతాను. ఇక్కడి తోఫు (సోయా పాలతో చేసే పనీరు లాంటిది) చాలా గట్టిది, తాడుతో కట్టి మోసుకెళ్లినా విరగదని ప్రతీతి.

ఈ ప్రాంతానికి, మన తెలుగు నేలకు ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. నాకు తెలిసినప్పుడు ఒళ్లు పులకరించింది.

ఈ లోయ పల్లెల ప్రజలు తరతరాలుగా జోదో షిన్షు శాఖ బౌద్ధులు. ఆ శాఖకు మూలపురుషుడు షిన్రన్ (1173–1263). ఆయన తన గురుపరంపరగా ఏడుగురు ఆచార్యులను పేర్కొన్నాడు. ఆ ఏడుగురిలో మొదటివాడు నాగార్జునుడు. శ్రీపర్వతంతో, మన నాగార్జునకొండ పేరుతో సంప్రదాయం ముడిపెట్టిన ఆ ఆచార్యుడే. జపాన్ భాషలో ఆయన పేరు ర్యూజు. 'ర్యూ' అంటే నాగం, 'జు' అంటే చెట్టు. షిన్రన్ రచించిన ప్రార్థనలో ఆ పేరు ఉంది, దాన్ని ఈ శాఖ భక్తులు నేటికీ చదువుతారు. ఒగిమాచిలోని మ్యోజెన్-జి, రెల్లు కప్పు ఉన్న ఆలయం, ఈ శాఖదే. అక్కడ కూర్చుని నాగార్జునసాగర్ నుంచి లాంచీలో కొండకు వెళ్లిన మా బడి విహారయాత్రను తలచుకున్నాను.

కొండల్లో ఎక్కడికి వెళ్లాలి?

రెండు చోట్లు ఉన్నాయి. పెద్దవారితో వెళ్తే కామికోచి, దారి పొడవునా బండ్లు మారే ఓపిక ఉంటే తతెయామా-కురోబె మార్గం.

కామికోచి సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉన్న నదీలోయ. సొంత కార్లను రానివ్వరు. తకయామా నుంచి హిరయు ఒన్సెన్ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు. ఏప్రిల్ మధ్య నుంచి నవంబరు 15 వరకే తెరిచి ఉంటుంది. 1915లో యకెదకె అగ్నిపర్వతం పేలి అజుసా నదికి అడ్డుపడితే తైషో చెరువు ఏర్పడింది. అక్కడ దిగి కప్పా వంతెన వరకు నది వెంట నడవండి. గంట నడక, దాదాపు సమతలం. నీరు ఎంత తేటగా ఉంటుందంటే, అడుగున ఉన్న గులకరాళ్లను లెక్కపెట్టవచ్చు. ఎలుగుబంట్లు తిరిగే చోటు కనుక సంచికి చిన్న గంట కట్టుకుంటే మంచిది.

తతెయామా మార్గంలో తొయామా వైపు నుంచి కేబుల్ కార్, బస్సు, సొరంగ బస్సు, రోప్‌వే, మళ్లీ కేబుల్ కార్, చివరగా ఇంకో సొరంగ బస్సు మారుతూ పర్వతాలను అడ్డంగా దాటి నాగానో వైపు దిగుతారు. ఎత్తైన స్టేషన్ మురోదో, 2,450 మీటర్లు. ఏప్రిల్ మధ్యలో దారి తెరిచినప్పుడు రోడ్డుకు రెండు వైపులా మంచు గోడలు నిలుస్తాయి, కొన్నేళ్లలో 20 మీటర్ల దాకా లేస్తాయి. దారిలోని కురోబె ఆనకట్ట ఎత్తు 186 మీటర్లు, జపాన్‌లో అంతకంటే ఎత్తైన ఆనకట్ట లేదు. 1963లో పూర్తయిన ఆ కట్టడం కోసం 171 మంది ప్రాణాలు పోయాయి. ఆనకట్ట దగ్గర వారి స్మారకం ఉంది. అందరూ నీటి ధార ఫొటోల కోసం పరుగెత్తుతారు. స్మారకం ముందు ఒక్క నిమిషం నిలబడండి.

శాకాహారులకు తిండి దొరుకుతుందా?

ముందే ఏర్పాటు చేసుకుంటే దొరుకుతుంది. మాంసం మానడం సులువే, చిక్కంతా దషితో. అది ఎండు చేపతో కాచిన చారు, సూపులోనూ కూరలోనూ నూడుల్స్‌లోనూ ఉంటుంది. 'నికు తొ సకానా వా తబెమసెన్, కత్సువో దషి మొ దమే దెస్' అని కాగితం మీద జపాన్ లిపిలో రాయించుకుని చూపించండి. మాంసం, చేప తినను, చేప చారు కూడా వద్దు అని దానర్థం. బసకు వెళ్లాక చెబితే కుదరదు, గది తీసుకునేటప్పుడే చెప్పాలి.

తకయామాలో బౌద్ధ సన్యాసుల శాకాహార భోజనం, షోజిన్ ర్యోరి, దొరికే చోట్లు ఉన్నాయి. నువ్వుల తోఫు, కొండ ఆకుకూరలు, పుట్టగొడుగులు. ధర ఎక్కువే కానీ ఒక్కసారి తినవలసిందే. వీధిలో సోయా సాస్ పూసి నిప్పుల మీద కాల్చే బియ్యప్పిండి ఉండలు, మితరాషి దంగో, అమ్మకు తెగ నచ్చాయి. ఇక్కడివి తీపిగా ఉండవు. టోక్యోలో దిగితే నిషి-కసాయ్ దగ్గరి భారతీయ దుకాణాల్లో పచ్చడి, పప్పు పొడి కొనిపెట్టుకోండి. కన్వీనియన్స్ స్టోర్లో దొరికే వేడి అన్నం డబ్బాతో ఒక పూట గడిచిపోతుంది.

ఒన్సెన్ స్నానం, ర్యోకాన్ (జపాన్ సంప్రదాయ వసతి గృహం) బసలో ఇబ్బంది ఉంటుందా?

వేడినీటి బుగ్గల స్నానానికి బట్టలు లేకుండా దిగాలి. ఆడవారికి, మగవారికి వేర్వేరు. ముందు బయట కూర్చుని ఒళ్లు శుభ్రంగా కడుక్కున్నాకే తొట్టిలో దిగాలి. మొహమాటపడేవారికి కుటుంబానికి మాత్రమే గంటసేపు ఇచ్చే స్నానశాలలున్న బసలు దొరుకుతాయి, అమ్మ కోసం నేను అలాంటిదే చూశాను. యుకతా అనే వస్త్రాన్ని ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టుకోండి. కుడి అంచు పైకి రావడం మృతదేహానికి చుట్టే పద్ధతి.

వీసా, డబ్బు, సామాను?

భారతీయ పౌరులకు వీసా కావాలి. రాయబార కార్యాలయం వెబ్‌సైటులో తాజా నిబంధనలు చూసుకోండి. పల్లెల్లో, చిన్న బస్సుల్లో నగదే మేలు, నాణేలు దగ్గర పెట్టుకోండి. టిప్పు ఇవ్వకూడదు. పెద్ద పెట్టెలను ఒక హోటల్ నుంచి తర్వాతి పట్టణంలోని హోటల్‌కు పంపే కొరియర్ సేవను తప్పక వాడుకోండి. మామూలుగా మరుసటి రోజుకు చేరతాయి. షిరకవా-గోకు ఒక చిన్న సంచి చాలు.

2024 భూకంపం తర్వాత వెళ్లడం సరైనదేనా?

2024 జనవరి 1న ఇషికావా ఉత్తరాన ఉన్న నోటో ద్వీపకల్పంలో 7.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. వజిమా పట్టణంలో తరతరాల ఉదయపు సంత జరిగే పేట మంటల్లో కాలిపోయింది. అదే ఏడాది సెప్టెంబరులో వరదలు కూడా వచ్చాయి. కనజావా, తకయామా, షిరకవా-గో మాత్రం యథావిధిగా సందర్శకులను ఆహ్వానిస్తున్నాయి. వెళ్లకుండా ఉండటం వల్ల అక్కడివారికి మేలేమీ జరగదు. వజిమా లక్క పనివారు ఇప్పటికీ గిన్నెలు, చాప్‌స్టిక్‌లు చేస్తున్నారు, కనజావా దుకాణాల్లో దొరుకుతాయి. పొరమీద పొర లక్క పూసి నెలల తరబడి చేసిన గిన్నె ఖరీదుగానే ఉంటుంది. అయస్కాంతపు బొమ్మలు పది కొనే బదులు ఆ గిన్నె ఒకటి కొనండి.

ఊళ్లో ఫొటోలు తీసుకోవచ్చా?

వీధిలో నిలబడి తీసుకోవచ్చు. ఒగిమాచి మాత్రం మనుషులు కాపురముంటున్న పల్లె. పెరట్లోకి అడుగు పెట్టకండి, కిటికీలోంచి తొంగి చూడకండి, డ్రోన్ ఎగరేయకండి. నిర్ణీత చోటు తప్ప ఎక్కడా పొగ తాగకండి. రెల్లు కప్పుకు ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే పల్లెంతటా నీళ్లు చిమ్మే యంత్రాలు అమర్చి, ఏటా శరత్తు చివర్లో అన్నిటినీ ఒకేసారి వదిలి పరీక్షిస్తారు. చెత్తబుట్టలు ఉండవు, మీ చెత్త మీతోనే తీసుకెళ్లాలి.

నాకు ఒక్క రోజే ఉంది. ఏది చూడాలి?

టోక్యో నుంచైతే కనజావా. ఉదయం మొదటి రైళ్లలో ఒకటి ఎక్కి, కెన్‌రొకుఎన్ తోట, హిగాషి చాయా వీధి చూసి రాత్రికి తిరిగి రావచ్చు. నగోయా నుంచైతే తకయామా. షిరకవా-గోను ఈసారికి వదిలేయండి, అక్కడ ఒక రాత్రి ఉండగలిగినప్పుడు వెళ్లండి.